ఎర్రపెట్ట తినడం మానేసిన వేసవి

వేసవిలో సముద్రం మీద చేపల వేట నిషేధం వచ్చిందంటే దాలయ్య ఇంటిపట్టున ఉంటాడు. అది గురువమ్మకి అంతగా నచ్చదు. బోటు మీద ఎంత పనిమంతుడని పేరున్నా ఇంట్లో మాత్రం తాగిన టీ గ్లాసు తాగినచోటే వదిలేసే మనిషి అతను. పొద్దున లేస్తూనే పెరట్లో టార్పాలిన్ నీడలో చాప పరుచుకుని, బోటు వలలు ఒళ్లోకి లాక్కుని చిరుగులు అల్లుతూ కూర్చుంటాడు. గురువమ్మ నిషేధం లేని చిన్న తెప్పల మీద వచ్చిన కాసిని చేపలు గంపకెత్తుకుని కంచరపాలెం వీధులన్నీ తిరిగి, ఎండ నడినెత్తికొచ్చాక ఇల్లు చేరుతుంది. చేరుతూనే నోటికి పనిచెప్తుంది. దాలయ్య తల ఎత్తడు. ఆ నోటికి హార్బర్లో చేపల వేలంపాట పాడే పెద్ద పెద్ద పాటగాళ్లే వెనక్కి తగ్గుతారని అతనికి తెలుసు.

పెరట్లో కోళ్లు పూర్తిగా గురువమ్మవే. అందులో ఎర్రపెట్ట అంటే ఆమెకి ప్రాణం. హార్బర్ చుట్టుపక్కల గద్దలకి కొదవలేదు. కోడిపిల్ల కాస్త ఎడంగా కనిపిస్తే చాలు, వాలిపోతాయి. ఎర్రపెట్ట పొదిగిన పిల్లని మాత్రం ఇంతవరకు ఏ గద్దా ఎత్తుకుపోలేదు. నీడ పడితే చాలు, మెడ ఈకలు నిక్కబొడుచుకుని ఎగిరి మీదికి పోతుంది. ఆ వేసవిలో దాని వెంట గుప్పెడు పిల్లలున్నాయి. కాళ్ల కింద దూదిపింజల్లా దొర్లుతూ పెరడంతా తిరుగుతున్నాయి.

ఆ పెట్టకి ఏదో అయిందని ముందుగా అన్నది దాలయ్యే.

"ఒలే గురువా, నీ ఎర్రపెట్ట తింతన్నట్టు నేదే."

గురువమ్మ గంప దించి కాళ్లు కడుక్కుంటోంది. "తినకేటి? పొద్దున నాను నూకలు జల్లితే అందరికంటే ముందు అదే ఎగబడింది. నా కళ్లతో సూసినాను."

"నానూ సూత్తన్నాను గదా పొద్దున్నించీ. నోటితో తీత్తంది, కొక్కొక్కో అని పిల్లల్ని పిలత్తంది, కింద పడేత్తంది. పిల్లలు తింతన్నాయి. అది ఒక్క గింజా మింగడం నేదు."

"పిల్లల కోడి అలగే సేత్తది. నీకేటి తెలుసు?"

దాలయ్య వల పక్కన పెట్టాడు. లేచి వెళ్లి పెట్టని పట్టుకుని ఒక గంప కింద మూశాడు. పిల్లల్ని గంప బయటే ఉంచాడు. లోపలికి గుప్పెడు నూకలు, చిన్న మూకుడుతో నీళ్లు పెట్టి మళ్లీ వల దగ్గర కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా ఆ నూకలు అలాగే ఉన్నాయి. పెట్ట నీళ్లు మాత్రం తాగింది. ముక్కు ముంచుతుంది, తల పైకెత్తుతుంది, మింగలేక మెడ వంకరగా సాచుతుంది. గురువమ్మ గంప పైకెత్తి చూసింది. ఇన్నేళ్లుగా కోళ్లు పెంచుతున్న తను, గింజ నోట కరుచుకోవడం చూసి తిన్నదనే అనుకుంది. మింగిందో లేదో చూడాలని తోచలేదు.

మెడ వంకరపెట్టడం చూసి పక్కింటి కామరాజు గోడ మీంచి వంగాడు. దాలయ్య పనిచేసే బోటుకి ఐసు వేసేది అతనే. దాలయ్యని బావా అంటాడు, గురువమ్మని అక్కా అంటాడు.

"కొక్కెర తెగులు బావా! మెడ తిప్పేత్తంది సూడు. మా అమ్మోళ్ల వీధిలో అలగే పట్టుకుంది, గూడుకి గూడు తుడిసిపెట్టీసింది. అక్కా, ఇయ్యాలే కోసీ. రేపటికి సచ్చిపోతే కూరకి కూడా పనికిరాదు."

కొక్కెర తెగులంటే ఏమిటో గురువమ్మకి తెలుసు. ఒక కోడికి వస్తే పక్క కోళ్లకి గాలిలో పాకే జబ్బు అది. ఆమె ఒకటి రెండుసార్లు గూడు ఖాళీ అవడం చూసింది. కత్తిపీట వైపు చూసింది, పిల్లల వైపు చూసింది. అవి గంప చుట్టూ తిరుగుతూ కీచుకీచుమంటున్నాయి.

"తెగులైతే మిగతా కోళ్లకేటి? అన్నీ బానే ఉన్నాయి గదా," అన్నాడు దాలయ్య. "రెట్ట సూడు. తెగులుకి పచ్చగా పారతాదంటావు నువ్వే. ఇది అసలు రెట్టే ఏత్తం నేదు. ఏసిన కాస్తా బొట్టంత."

ఆ మాట గురువమ్మ మనసుకి పట్టింది. "ఉండు మావా, ఒకటి సూద్దారి. కోడి మెడ కింద మేత నిలిచే సంచి ఉంటది. రేతిరికి నిండుగా ఉన్నా తెల్లారేసరికి ఖాళీ అయిపోవాలి. రేపు పొద్దున్నే, మేత ఎయ్యకముందే తడిమి సూత్తాను."

తెల్లవారుతూనే ఆమె పెట్టని ఒళ్లో పెట్టుకుని రొమ్ము ఎముకకి పైన వేళ్లతో తడిమింది. మెత్తగా, ఖాళీగా ఉండాల్సిన సంచి కొబ్బరిపిందెలా గట్టిగా తగిలింది. ముక్కు దగ్గర మొహం పెడితే పులిసిన వాసన. దాలయ్య వేళ్లు పట్టి అక్కడ పెట్టింది. అతను మెల్లగా నొక్కి చూశాడు.

"లోపల ముద్ద కట్టీసింది," అంది గురువమ్మ. "తిన్నది కిందికి దిగడం నేదు. పాపం దానికి ఆకలి ఉంది. తోవే నేదు."

నూనె చుక్కలు నోట్లో వేసి, సంచిని కిందినుంచి పైకి కాదు, పక్కలనుంచి మెల్లగా పిసికింది. ఆమె అమ్మ అలాగే చేసేది. గడ్డి మేసి బిగుసుకుపోయిన కోళ్లకి చాలాసార్లు పనిచేసింది కూడా. ఈసారి ముద్ద కదల్లేదు. మధ్యాహ్నానికి ఎర్రపెట్ట కళ్లు మూసుకుని కూర్చుంది. అయినా పిల్లలు దగ్గరికొస్తే రెక్క ఎత్తి లోపలికి చోటిస్తూనే ఉంది.

"ఆసుపత్రికి తీసుకెల్తాను," అన్నాడు దాలయ్య.

గురువమ్మకి మాట అర్థం కాలేదు. "ఎవర్ని?"

"దీన్నే. మద్దిలపాలెంలో బస్సు డిపో ఎనకాల కుక్కల్నీ పిల్లుల్నీ సూసే డాక్టరమ్మ ఉంది. మా బోటు నడిపే సరంగు ఆడి కుక్కని అక్కడికే తీసుకెల్తాడు."

"కోడిని డాక్టరు దగ్గరికా! వీధిలో నవ్వుతారు మావా."

"నవ్వనీ."

అంతే అన్నాడు. చేపల గంపని కడిగి, అడుగున గోనెసంచి పరిచి, పెట్టని అందులో కూర్చోబెట్టి పైన తుండు కప్పాడు. కామరాజు గోడ మీంచి, "బావా, టోకెన్ తీసుకుంటావేటి దానికి?" అని నవ్వాడు. దాలయ్య కూడా నవ్వి గంప చంకనెత్తుకున్నాడు. అతని వెనక గురువమ్మ నడిచింది. ఎందుకు నడుస్తోందో ఆమెకే తెలియదు. ఆయన ఒక్కడే ఆ గంపతో బస్సులో కూర్చోవడం ఊహించుకుంటే మనసొప్పలేదు.

క్లినిక్‌లో మెత్తటి కుర్చీల మీద కూర్చున్నవాళ్ల పక్కన మెడపట్టీల కుక్కలున్నాయి. ఒకామె ఒళ్లో తెల్లపిల్లి ఉంది. గంపలోంచి కోడి తల బయటికి రాగానే ఒక కుక్క లేచి నిలబడింది. గురువమ్మ దాన్ని ఒక్క చూపు చూసింది. అది మళ్లీ కూర్చుంది.

డాక్టరు పేరు భ్రమరాంబ. నడివయసు మనిషి. ముంజేతుల మీద పిల్లులు గీరిన చారలు. కోడిని చూసి ఆమె నవ్వలేదు, విసుక్కోలేదు. బల్ల మీద తువ్వాలు పరిచి, "ఏమైందో మొదట్నుంచీ చెప్పండి," అంది. దాలయ్య చెప్పాడు. గింజ తీసి పడేయడం, గంప కింద మూయడం, నీళ్లు మింగలేక మెడ సాచడం. సంచి గట్టిపడటం గురించి గురువమ్మ చెప్పింది. ఇద్దరూ ఒకరి మాటలో ఒకరు చొరబడకుండా మాట్లాడటం వాళ్లకే కొత్తగా అనిపించింది.

"చాలా మంచి పని చేశారు," అంది భ్రమరాంబ. "పిల్లల తల్లి విషయంలో చాలామంది మోసపోయేది ఇక్కడే. గింజలు ముట్టుకుంటోంది కదా, తింటోంది అనుకుంటారు. తెచ్చేసరికి ఆలస్యమైపోతుంది."

ఆమె సంచిని తడిమింది. తర్వాత టార్చిలైటు తీసి, పెట్ట ముక్కు మెల్లగా విప్పి, నాలుక కిందికి వెలుతురు పట్టింది. కాసేపు కదలకుండా చూసింది.

"ఇదిగో, మీరూ చూడండి."

నాలుక మొదట్లో సన్నటి ఆకుపచ్చ పోగు ఒకటి మెలిపడి ఉంది. దాని రెండు కొసలూ గొంతులోకి దిగిపోయాయి. చుట్టూ నాలుక ఎర్రగా కోసుకుపోయి ఉంది.

దాలయ్య గుర్తుపట్టాడు. అది అతని వల దారం. చిరుగులు అల్లుతూ కొసలు కత్తిరించి చాప పక్కనే పడేస్తాడు. పురుగనుకుని ముక్కుతో అందుకుని ఉంటుంది. అతని చెయ్యి తనకు తెలియకుండానే ఆ పోగు వైపు వెళ్లింది.

"లాగకండి!" అంది డాక్టరు గట్టిగా. "లాగితే లోపల గొంతుని కోసేస్తుంది. ఇది నైలాను. ఇప్పుడు నాలుక దగ్గర కత్తిరించి వదిలేస్తాను. తర్వాత మేతసంచి తెరిచి కిందినుంచి తీయాలి. కిందికి కందనకాయ దాకా దిగి ఉంటే మాత్రం నేనేమీ చెప్పలేను. ఒప్పుకుంటారా?"

దాలయ్య గురువమ్మ వైపు చూశాడు. గురువమ్మే అంది: "సెయ్యండమ్మా. ఇన్ని రోజులూ తిండి నేకుండానే పిల్లల్ని సాకింది. గట్టి పెట్ట. తట్టుకుంటది."

భ్రమరాంబ సంచి మీది ఈకలు కొన్ని పీకి, మందుతో తుడిచి, తిమ్మిరి సూది వేసింది. దాలయ్యని పట్టుకోమంది. వలతాళ్లు లాగి లాగి పగుళ్లు పడిన చేతులు అతనివి. ఆ చేతుల్లో ఎర్రపెట్ట తువ్వాలులో చుట్టుకుని కదలకుండా ఉంది. రోజూ బుట్టెడు చేపలు కోసి పారేసే గురువమ్మ మాత్రం కత్తి తగలగానే గోడ వైపు తిరిగిపోయింది. తర్వాత ఉండబట్టలేక మళ్లీ తిరిగి చూసింది.

డాక్టరు వేళ్లు ఆమెకి నచ్చాయి. తొందర లేదు, తడబాటు లేదు. చర్మం వేరుగా, లోపలి సంచి వేరుగా, వేలెడంత చొప్పున తెరిచింది. పట్టకారుతో ముద్దని కొద్దికొద్దిగా విడదీస్తూ బయటికి తెచ్చింది. పచ్చదారం కొసలు, వాటికి చుట్టుకున్న గడ్డిపోచలు, నానిన నూకలు, ఒక గుడ్డపీలిక. చివర్లో ఒక పొడుగు పోగు బిగుసుకుంది. అది కిందికి దిగింది. భ్రమరాంబ ఆగి, గోరువెచ్చని నీళ్లు లోపలికి పోసింది. వేచి చూసింది. మళ్లీ పోసింది. పోగు వదులైంది. దారం చిక్కు విప్పే మనిషి ఎలా తీస్తుందో అలా, బలం పెట్టకుండా, రానిచ్చింది. చివరికి కొస కూడా బయటికి వచ్చేసింది.

లోపల ఒక వరస కుట్లు, పైన ఒక వరస కుట్లు. పనంతా అయ్యాక చేతులు కడుక్కుంటూ డాక్టరు చెప్పింది: "సగం పని నాది. మిగతా సగం మీది. ఇవాళ నీళ్లే. రేపట్నుంచి పల్చటి జావ, కొంచెం కొంచెంగా. గింజ మాత్రం నేను చెప్పేదాకా వద్దు. ఈ చుక్కలు రెండు పూటలా వేయాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, కుట్ల దారం కనిపిస్తే పొడిచేస్తాయి."

ఆ చివరి మాటే కష్టమైంది.

ఇంటికి వచ్చాక దాలయ్య వంటింటి మూల ఎర్రపెట్టకి ఒక గంప పెట్టాడు. పక్కనే పిల్లలకి వెచ్చగా బల్బు వేలాడదీసిన అట్టపెట్టె పెట్టాడు. గురువమ్మ పాత చీర చెంగు చింపి పెట్ట మెడ కింద కుట్ల మీదుగా జోలెలా కట్టింది. పిల్లలు కీచుమంటే పెట్ట లేస్తుంది, గంప కన్నాల్లోంచి ముక్కు పెడుతుంది, ఓపిక లేక కూలబడుతుంది. మర్నాడు గురువమ్మ రాగిపిండితో చోడి అంబలి పల్చగా కాచి చల్లార్చి ఇచ్చింది. దాలయ్య వేలి చివర ముంచి ముక్కు దగ్గర పెట్టాడు. పెట్ట అంబలి చుక్క అందుకుంది. కొక్కొక్కో అని పిలిచింది. పిల్లల పెట్టె వైపు తిరిగి ముక్కు విదిల్చింది. చుక్క నేల మీద పడింది.

మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే.

"నోరు ఇప్పి పోసీ మావా," అంది గురువమ్మ.

"ఒద్దు. గొంతు కోసుకుపోయి ఉంది. ఉండు."

అతను పెట్ట వైపు, పెట్టె వైపు మార్చి మార్చి చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. సముద్రం మీద చేపల జాడ కోసం నీటి రంగు చూస్తూ కూర్చునే మనిషి కూర్చోవడం అది. గురువమ్మ ఆ కూర్చోవడాన్ని ఎన్నడూ చూడలేదు. ఆమె చూసిన దాలయ్య ఎప్పుడూ ఒడ్డుకొచ్చి అలిసిపోయిన దాలయ్యే.

తర్వాత అతను లేచి పిల్లల పెట్టెని గంపకి ఎదురుగా జరిపాడు. పెట్టె గోడ ఒకవైపు కోసేసి దోమతెర గుడ్డ కట్టాడు, తల్లికి పిల్లలు కనబడేట్టు. పిల్లలకి నానబెట్టిన నూకలు వేశాడు. అవి గోలగోలగా తిన్నాయి. ఎర్రపెట్ట ఆ పక్కనుంచి చూస్తూ గొంతులో ఏదో గొణుగుతూ ఉంది. తిన్నవి తిన్నట్టే ఒకదాని మీద ఒకటి పడి కునికిపాట్లు మొదలెట్టాయి. అప్పుడు దాలయ్య మళ్లీ వేలు ముంచి పెట్ట ముక్కు దగ్గర పెట్టాడు.

పెట్ట అందుకుంది. పిల్లల వైపు చూసింది. అవి నిద్రపోతున్నాయి. తల పైకెత్తింది. మింగింది.

రెండో చుక్క. మూడోది. మెడ నొప్పితో కాస్త వణికింది, అయినా మింగింది.

"అదీ సంగతి," అన్నాడు దాలయ్య మెల్లగా, పిల్లలు లేస్తాయేమో అన్నట్టు. "ముందు ఆటికి ఎట్టాలి. తరవాతే అది తింతది. జబ్బు సేసినా దాని లెక్క మారదు గురువా."

గురువమ్మ గుమ్మానికి చేరబడి నిలబడింది.  కోడి మీద ఆమెకి ఎప్పుడూ ఉన్న గౌరవం పెరిగింది. కోడి మనసుని కూర్చుని కూర్చుని పట్టుకున్న మనిషి మీద కలిగినది ఏమిటో ఆమెకి వెంటనే పేరు దొరకలేదు.

ఆ తర్వాత రోజులన్నీ అలాగే సాగాయి. పిల్లలకి ముందు, తల్లికి తర్వాత. పొద్దున్నే గురువమ్మ సంచి తడిమి చూసేది. ఖాళీగా, మెత్తగా తగిలితే, "దిగింది," అనేది. దాలయ్య తల ఊపేవాడు. ఒకసారి కుట్ల పక్కన చెమ్మ కనిపించి ఇద్దరికీ నిద్రపట్టలేదు. దాలయ్య ఫోనులో ఫొటో తీసి డాక్టరుకి పంపాడు. ఉప్పునీళ్లతో తుడిచి, తను ఇచ్చిన పూతమందు రాయమని, కంగారు పడొద్దని ఆమె వెంటనే జవాబిచ్చింది. ఆ సాయంత్రమే దాలయ్య చాప ఎత్తి దులిపి, పెరడంతా వంగి వంగి నైలాను కొసలు ఏరాడు. మూత ఉన్న పెయింటు డబ్బా ఒకటి వల పక్కన పెట్టుకున్నాడు. కత్తిరించిన ప్రతి కొసా అందులోకే. కామరాజు వచ్చి ఆ డబ్బాని చూశాడు, జోలె కట్టుకుని ఠీవిగా కూర్చున్న పెట్టని చూశాడు.

"తెగులు కాదన్నమాట," అన్నాడు కాస్త సిగ్గుగా. "నాను కోసీమన్నాను గదా అక్కా."

"నాను కత్తిపీట కూడా సూసినాన్లే తమ్ముడా," అంది గురువమ్మ. అతనికి టీ ఇచ్చింది.

కుట్లు విప్పించుకుని వచ్చిన రోజు పిల్లల్ని తల్లి దగ్గరికి వదిలారు. ఈలోగా అవి బాగా ఎదిగాయి. రెక్కల దగ్గర ఎర్రటి ఈకలు మొలుస్తున్నాయి. తల్లిని మర్చిపోయి ఉంటాయేమోనని గురువమ్మ భయపడింది. పెట్టె తెరిచారు. పిల్లలు బయటికొచ్చి దిక్కులు చూశాయి. ఎర్రపెట్ట ఒక్కసారి పిలిచింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. అన్నీ ఒక్క పరుగున వెళ్లి దాని కింద దూరాయి. పట్టక సగం బయటే ఉండిపోయాయి. పెట్ట ఒళ్లు పెంచి, రెక్కలు సాచి, ఆ సగాన్ని కూడా కప్పాలని చూస్తూ అటూ ఇటూ సర్దుకుంది. దాలయ్య చూస్తూ చూస్తూ పెద్దగా నవ్వేశాడు.

నిషేధం ముగిసిన రోజు హార్బర్ తెల్లవారక ముందే లేచింది. ఐసు దంచే మోత, ఇంజిన్ల పొగ, అరుపులు. దాలయ్య బట్టల సంచి భుజాన వేసుకుని బోటెక్కబోతూ, "డబ్బా మూత తియ్యొద్దు. గింజ నానబెట్టే ఎయ్యి," అని మాత్రం చెప్పాడు. గురువమ్మ, "తెల్సులే, ఎల్లు," అంది. ఎప్పటిలాగే అంది.

మొదటి బోట్లు చేపతో తిరిగి వచ్చిన రోజున వేలం మొదలవడానికి ముందు ఆడవాళ్లంతా గంపలు బోర్లించి కూర్చున్నారు. సుధారాణి అనే చిన్నది, కొత్తగా పాటలోకి వచ్చింది, తన పిల్లల కోడి ఒకటి ముడుచుకుని కూర్చుంటోందని, ఏం మందు వెయ్యాలని గురువమ్మని అడిగింది.

"మందు తరవాత. ముందు దాన్ని పిల్లల్నించీ తప్పించి గంప కింద మూసి, మింగతందో నేదో కూకుని సూడు. కూకోవాలి. ఊరికే తొంగి సూసి ఎల్లిపోకూడదు. మా ఇంటాయన పొద్దల్లా కూకున్నాడు," అంది గురువమ్మ. చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. ఆమె మొగుడి గురించి మంచిమాట అనడం వాళ్లెవరూ ఇంతవరకు వినలేదు. గురువమ్మ ఆ చూపుల్ని పట్టించుకోలేదు. మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. వల దారం గురించి, డాక్టరమ్మ చేతుల గురించి, దోమతెర గుడ్డ గురించి. పాట మొదలైందని ఎవరో కేకేసేదాకా చెబుతూనే ఉంది.